పండిన కాయ ముందు

ఆ బొమ్మ సుప్రజ కంటే ముందే ఊరు చేరింది.

శనివారం పొద్దున డోన్ బయట ఉన్న వ్యవసాయ పరిశోధన క్షేత్రంలో ఆమె ఇంకా కంప్యూటరు తెరవనేలేదు, ఎర్రదొడ్డి నుంచి చిన్నాయన ఓబులేసు ఫోన్ చేశాడు. బంగాళాఖాతంలో ఎర్రటి సుడి ఒకటి లేచి, ఒంగోలు మీదుగా లోపలికొచ్చి, సరిగ్గా పత్తికొండ, డోన్‌ల నెత్తిన కూర్చున్న బొమ్మను ఎవరో వాట్సాపులో పెట్టారట. బొమ్మ కింద వచ్చే వారం కాక ఆపై మంగళవారం తేదీ.

"ఏం పాపా, మీ ఆఫీసోళ్లు ఇంగా నిద్ర లేయలేదా? ఈడ ఊరంతా తుపాను తుపాను అంటాండారు. బుడ్డల చేను అట్లే ఉండాది. పీకల్లా వద్దా? ఒక్క మాట చెప్పు."

"వేరుశనగ పీకే సంగతి ఇప్పుడే చెప్పలేను చిన్నాయనా."

"చెప్పలేవా, చెప్పవా?"

వారానికి రెండుసార్లు సుప్రజ గొంతు ఆ చుట్టుపక్కల రైతుల ఫోన్లలో మోగుతుంది. వాన ఎప్పుడు, మందు ఎప్పుడు కొట్టాలి, ఎప్పుడు కొట్టకూడదు, అన్నీ రెండు నిమిషాల్లో. టీ అంగళ్ల దగ్గర స్పీకర్లో పెట్టుకుని వింటారు. ఊళ్లో అందరికీ ఆమె 'వానమ్మ'. ఓబులేసుకు మాత్రం అన్న కూతురు. ఆ లెక్కన ఆమె గొంతులో తనకు ఇతరులకంటే ఎక్కువ వాటా ఉందని ఆయన నమ్మకం.

ఫోన్ చెవిన పెట్టుకునే ఆమె తెర తెరిచింది. తుపాను ఇంకా పుట్టనే లేదు. అండమాన్ పక్కన కొన్ని మబ్బులు గుమిగూడి ఉన్నాయంతే. వాటి భవిష్యత్తును కంప్యూటరులోని వాతావరణ మోడల్ ఒక్కసారి లెక్కగట్టి ఊరుకోదు. మొదలుపెట్టేచోట గాలినీ వేడినీ పిసరంత మార్చి, అదే లెక్కను మళ్లీ మళ్లీ కడుతుంది. ఒక్కో లెక్కకు ఒక్కో గీత. ఈ పొద్దుటి గీతలు విప్పిన చీపురుకట్టలా ఉన్నాయి. కొన్ని ఒరిస్సాకు, కొన్ని చెన్నైకి, కొన్ని బర్మా వైపు. చాలా వాటిలో తుపానే లేదు. ఎర్ర సుడి ఆ గీతల్లో ఒకటి. ఎవరో దాన్ని ఒక్కదాన్నే కత్తిరించి ఊళ్ల మీదికి వదిలారు.

"యాభైమందిని దోవ అడిగితే ఒకడు మన ఊరి పక్కకు చెయ్యి చూపించినాడు చిన్నాయనా. నీకొచ్చిన బొమ్మ వాడొక్కని మాట."

"మిగతావాళ్లు యాడికి పోతాదంటాండారు?"

"ఒక్కొక్కరు ఒక్కో పక్క."

"అయితే మీకు తెలీదు."

"ఈ పొద్దుకు తెలీదు. వచ్చే శని, ఆదివారాలకు తెలుస్తాది."

"ఆదివారం తెలిసి మంగళవారం వానొస్తే, ఆ నడిమి సందులో నేను చేనంతా పీకి, ఆరబెట్టి, కాయ తెంపి ఇంటికి తెచ్చుకోవల్లనా? నీ తెలివి నీ దగ్గరే పెట్టుకో పాపా. ఒక్కటి గుర్తుపెట్టుకో. తెలిసినప్పుడు ఊరికి చెప్పేముందు నాకు చెప్పు."

ఫోన్ పెట్టేశాడు. తెలియడానికీ చేయడానికీ నడుమ ఉన్న ఆ సందు గురించి సుప్రజ ఆలోచించకపోలేదు. ఇంత కచ్చితంగా ఎవరూ ఆమెను అడగలేదు, అంతే.

ఆ వారమంతా ఆమెకు కుర్చీలో కుదురు లేకుండా పోయింది. కొత్త లెక్కలు పొద్దునా సాయంత్రం వస్తాయి. ఆదివారం చీపురు ఒరిస్సా వైపు ఒరిగింది. సోమవారం గీతలే పలచబడ్డాయి, తుపాను లేనట్టే అనిపించింది. మంగళవారం మళ్లీ లేచి చెన్నై వైపు తిరిగింది. ఇంకో దేశపు మోడల్ మచిలీపట్నం అంటోంది. టీ కప్పు తీసుకుని వరండాలోకి పోయేది, తాగకుండానే తిరిగొచ్చి తెర ముందు నిలబడేది. ఇంట్లో అన్నం వడ్డించుకుంటూ ఫోన్ చూసేది. కొత్త లెక్క రావడానికి ఇంకా గంటలున్నాయని తెలిసీ చూసేది.

విభాగాధిపతి నారాయణ ఆమె వాలకం గమనించాడు. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి, నెమ్మది. "అమ్మా, వారం ముందు గీత వందల కిలోమీటర్లు అటూ ఇటూ పోతుంది. దాన్ని చూసి మనం ఊగితే జనం ఇంకా ఊగుతారు. పైనుంచి బులెటిన్ రానీ" అన్నాడు.

ఆయన మాటలో తప్పు లేదు. బుధవారం సందేశంలో ఆమె ఉన్నదే చెప్పింది. అల్పపీడనం ఏర్పడే సూచన ఉంది, మన ప్రాంతంలో వాన సంగతి ఇప్పుడే చెప్పలేము, ఫోన్లలో తిరిగే బొమ్మలు చూసి పచ్చికాయ పీకవద్దు. విన్నవాళ్లలో ఎందరు నమ్మారో ఆమెకు తెలియదు. బొమ్మలో రంగు ఉంది, సుడి ఉంది, తేదీ ఉంది. ఆమె మాటలో 'చెప్పలేము' ఉంది.

శుక్రవారం పంట పరిశీలనకు స్కూటీ మీద ఎర్రదొడ్డి పోయింది. ఊరి వెలుపలే స్కూటీ ఆపింది. చిన్నాయన చేలో ఆడవాళ్లు సాళ్లు పట్టి వంగి ఉన్నారు. సగం చేను అప్పటికే పీకేశారు. రెండు చేతులా చెట్టు మొదలు పట్టి, ఒక ఊపున లాగి, వేళ్లకున్న ఎర్రమట్టిని మోకాలికి కొట్టి దులిపి, కాయలు ఎండకు తిరిగేలా తలకిందులుగా పరుచుకుంటూ పోతున్నారు. లాగినప్పుడు వేళ్లు తెగే చప్పుడు, మట్టి రాలే చప్పుడు.

సుప్రజ గట్టు దిగి ఒక చెట్టు తీసుకుని కాయ చిదిమింది. డొల్ల లోపలి పక్క పాలలా తెల్లగా ఉంది. ఇంకొకటి చిదిమింది. అదీ అంతే. పండిన కాయైతే లోపల గోధుమ రంగు తిరగాలి. గింజ తోలు ముడతలు పడి, వేలికి నీరు అంటింది.

"ఎంత చెప్పినా వినలే మీ చిన్నాయన" అంది వెనక నుంచి విశ్వాసమ్మ. గుంపుకు మేస్త్రి ఆమె. యాభై దాటిన మనిషి, ఎండకు తలకు తువ్వాలు చుట్టుకుంది. ఏ చేనికి ఎవరు పోవాలో, ఎంతమంది పోవాలో ఆమె నోటి మాట మీద నడుస్తుంది. "ఆ బొమ్మ చూపిస్తాడు, పీకమంటాడు. మాదేముండాది, చెప్పిన పని."

"నీ చేను ఎట్లుండాది విశ్వాసమ్మా?"

విశ్వాసమ్మ గట్టు అవతలికి గడ్డం ఎత్తింది. అదీ ఓబులేసు భూమే, ఆమె కౌలు కట్టి గుత్తకు చేస్తోంది. ఈయన విత్తనం కోసం ఆగి ఆలస్యంగా వేశాడు, ఆమె తొలి వానకే వేసింది. ఆకుల మీద మచ్చలు దిగాయి. కింది ఆకు రాలింది. చేను నిండా పంట ఒళ్లు విప్పుకుని కూర్చుని ఉంది.

"అది పండి నిలబడుకోనుండాది కదా! ముందు దాన్ని పీకల్ల."

"పీకల్ల. యాడ పీకేది? గుత్తకిచ్చిన ఆసామి పిలిస్తే ముందు ఆయన చేనే. రేపు నాకు ఆ చేను ఉండొద్దా?" ఆమె మళ్లీ వంగింది. "ఒక్కటి చెప్పు పాపా. వానొస్తాదా?"

సుప్రజ నోటి దాకా వచ్చిన 'చెప్పలేము'ను మింగింది. "ఆదివారం చెప్తా. చెప్పేది అందరికీ ఒకేసారి చెప్తా" అంది.

ఆదివారం పొద్దున గీతలు దగ్గరికొచ్చాయి. విప్పిన చీపురును ఎవరో మళ్లీ కట్టినట్టు అన్నీ నెల్లూరు తీరం వైపు మళ్లాయి. దేశాలు వేరైనా మోడళ్లు ఒకే మాట చెప్తున్నాయి. సముద్రం మీద సుడి నిజంగానే పుట్టింది, ఉపగ్రహ చిత్రంలో నడిమి కన్ను కనపడేంత స్పష్టంగా తిరుగుతోంది. తీరం దాటాక బలం తగ్గి రాయలసీమ మీదికి వస్తుంది. పత్తికొండ, డోన్ పక్క భారీ వాన. బుధవారం పొద్దున నుంచి.

ఎనిమిది రోజుల కిందటి ఎర్ర సుడి ఒంగోలు అన్నది. అటుతిరిగి ఇటుతిరిగి వాన మాత్రం ఆ మంగళవారానికి ఒక్క రోజు తేడాలో వచ్చి కూర్చుంది. ఊళ్లో ఇక బొమ్మే నిజం, తనే అబద్ధం. అది గుర్తొచ్చి సుప్రజకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

ఫోన్ బల్ల మీద ఉంది. చిన్నాయన పేరు పైనే ఉంది. ఒక్క మాట చెప్తే పక్క ఊరి గుంపును కూడా ఆయన మధ్యాహ్నంలోపే పిలిపించుకుంటాడు. ట్రాలీలు, కప్పే పట్టలు, మనుషులు, అన్నీ ఆ తెల్లకాయ చేలోకి పోతాయి. సాయంత్రం ఊరు విన్నప్పుడు పండిన చేలకు మనుషులు మిగలరు. ఆమె ఫోన్‌ను తిరగేసి పెట్టి, సందేశం రాయడం మొదలుపెట్టింది.

సెలవు రోజైనా నారాయణ వచ్చాడు. పై బులెటిన్ కూడా అందింది. కాగితం చదివి, పెన్నుతో ఒకచోట ఆగాడు. "పండని చేను భూమిలోనే వదిలేయమన్నావు, మంచిదే. ఎర్రనేల, నీళ్లు ఇంకిపోతాయి, పచ్చికాయకు ఏం కాదు. పండినది ముందు తీయమన్నావు, అదీ మంచిదే. 'ఎవరి చేనైనా సరే' అని రాశావు. అది మన పని కాదమ్మా" అని ఆ మూడు మాటల మీద గీత గీశాడు.

సుప్రజ రికార్డింగు గదిలోకి పోయింది. కాగితం ఎదుట పెట్టుకుని చదివింది. "...బుధవారం ఉదయం నుండి భారీ వర్షాలు పడే అవకాశం ఎక్కువగా ఉంది. వేరుశనగ లోపల తెల్లగా ఉంటే పీకవద్దు, వాన వెళ్లాక చూసుకోవచ్చు. ఉన్న కూలీలు, ఉన్న ట్రాక్టర్లు పండిన చేలకు ముందు పోవాలి." అక్కడ గీత కనిపించింది. గొంతు ఆగలేదు. "ఎవరి చేనైనా సరే."

సందేశం పోయిన పావుగంటకు చిన్నాయన ఫోన్ వచ్చింది.

"నా చేను సంగతి ఊరందరికీ చెప్తివి."

"నీ పేరు చెప్పలేదు చిన్నాయనా."

"పేరేంటికి? తెల్లకాయ పీకుతాండేది ఊళ్లో నేనొక్కన్నే. టీ అంగడికాడ స్పీకరు పెట్టుకుని విని, నా పక్క చూసి నవ్వినారు. మా అన్న ఉంటే ఇట్ల చేస్తుంటివా?"

ఆయన జవాబు వినకుండానే ఫోన్ పెట్టేశాడు.

సోమవారం పొద్దున్నే ఆమె ఎర్రదొడ్డి పోయింది. ఆఫీసు పని అని చెప్పింది, పాక్షికంగా నిజమే. చిన్నాయన చేలో ఎవరూ లేరు. గుంపంతా గట్టు అవతల విశ్వాసమ్మ చేలో దిగింది. ఓబులేసు గట్టు మీద నిలబడి ఉన్నాడు. తెల్లని పంచె మోకాలి దాకా ఎత్తి కట్టి, చేతులు నడుముకు ఆనించి. కేకలు వేయడం లేదు. అదే ఆమెను భయపెట్టింది.

"విశ్వాసమ్మా, ఈ చేను ఎవరిదనుకుంటివి?"

విశ్వాసమ్మ నడుము ఎత్తలేదు. చెట్టు లాగింది, మట్టి దులిపింది, పరిచింది. "చేను నీదేప్పా. కాయ నాది."

గుంపులో ఎవరూ తల ఎత్తలేదు. చేతులు మాత్రం ఒక్క క్షణం ఆగి మళ్లీ కదిలాయి.

"నా చేను సగంలో ఇడిసిపెట్టి వస్తారా?"

"నీది ఇంగా పండలేదు. భూమిలో ఉంటే బతుకుతాదని పాప చెప్పె. నాది ఉంటే మొలకెత్తుతాది. వాన పోయినంక నీ చేను తీస్తాం. తియ్యం అని నేను అన్న్యానా?"

ఓబులేసు సుప్రజ వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు. బుధవారం వాన వస్తాదని రాసిస్తావా?"

"రాసియ్యలేను. పదిసార్లు ఇట్ల కనపడితే ఏడెనిమిదిసార్లు వస్తాది."

"రాకపోతే?"

"రాకపోతే నీ కాయ ఇంకా పండుతాది చిన్నాయనా. నీకు పోయేదేమీ లేదు."

"నా మాట పోతాది" అన్నాడు ఆయన. ఆ మాటలో కోపం కంటే అలసట ఎక్కువుంది. పొద్దుటెండలో ఆయన మెడ మీద నరం కొట్టుకోవడం సుప్రజకు కనిపించింది. "వచ్చే ఏడు ఈ చేను ఎవరికియ్యల్లో నాకు తెలుసు" అని, గట్టు దిగి ఇంటి వైపు నడిచాడు.

విశ్వాసమ్మ అప్పుడు నడుము ఎత్తి, ఆయన పోయిన దోవ చూసింది. తువ్వాలు కొసతో ముఖం తుడుచుకుంది. "బుధవారమే కదా పాపా? మంగళవారం పొద్దంతా మాకుంటాది కదా?"

"ఉంటాది" అంది సుప్రజ.

మంగళవారం మధ్యాహ్నం ఆఫీసులో ఆమె ఉపగ్రహ చిత్రం ముందు నిలబడి ఉంది. సుడి అనుకున్నచోటే ఉంది, అనుకున్న దోవలోనే వస్తోంది. దాని పక్క నుంచి ఒక పొడుగాటి మబ్బుపట్ట విడిపోయి, నల్లమల దాటి, పడమటికి పరుగు తీస్తోంది. ఏ మోడల్ దాన్ని ఇంత త్వరగా చూపలేదు. రాడార్‌లో నంద్యాల మీద అప్పుడే రంగు మారింది. కిటికీలోంచి చూస్తే డోన్ మీద ఎండ తెల్లగా కాస్తోంది.

విశ్వాసమ్మ ఫోన్ మోగి మోగి ఆగింది. చేలో ఉన్న మనిషి ఫోన్ యాడ చూస్తుంది? రెండోసారీ ఎత్తలేదు. సుప్రజ రికార్డింగు గదిలోకి పరుగెత్తి, "రేపు అన్న వాన ఈ సాయంత్రమే రావచ్చు, తెంపిన కాయ వెంటనే కప్పుకోండి" అని ఊపిరాడకుండా చెప్పి పంపించింది. పంపించి స్కూటీ తీసింది. వెనక నుంచి నారాయణ ఏదో అన్నాడు, వినపడలేదు.

దోవలో గాలి తిరిగింది. అంతసేపూ వీపున తగిలిన గాలి ముఖాన కొట్టింది, తడి వాసనతో.

విశ్వాసమ్మ చేలో సగం కాయ తెంపి కుప్పగా పోశారు. మిగతాది చెట్లతోనే చిన్నచిన్న కుప్పలుగా ఉంది. ఆడవాళ్లు బుట్టలకెత్తుతున్నారు, గోనెలకు పోస్తున్నారు, ఎవరి కాలు ఎక్కడ పడుతోందో ఎవరికీ తెలియడం లేదు. కప్పడానికి ఉన్నవి పాత యూరియా సంచులు కుట్టిన రెండు గుడ్డలు. చేలో ట్రాక్టరు లేదు. ఓబులేసు ట్రాక్టరు ఆయన ఇంటి ముందర ఉంది. నీలిరంగు పెద్ద పట్టలన్నీ గట్టుకు ఆ పక్క ఆయన తెల్లకాయ కుప్పల మీద, నాలుగు పక్కలా రాళ్లు పెట్టి, బిగించి ఉన్నాయి.

"బుధవారమంటివి కదా పాపా!" విశ్వాసమ్మ అరిచింది. తిట్టినట్టు లేదు, నమ్మలేనట్టు ఉంది.

సుప్రజ బుట్ట అందుకుంది. వాళ్లతోపాటు వంగింది. ఆఫీసు చెప్పులు ఎర్రమట్టిలో దిగబడ్డాయి, వాటిని అక్కడే వదిలేసింది. తూర్పున కొండ కనిపించడం మానేసింది.

అప్పుడు గట్టు మీద చిన్నమ్మ కనిపించింది. నాగలక్ష్మమ్మ, ఓబులేసు భార్య. ఇంట్లో పదిమంది మాట్లాడుతుంటే పదకొండో మనిషిగా వింటూ ఉండే మనిషి. చీర కుచ్చెళ్లు దోపుకుని, భర్త కుప్ప దగ్గరికి పోయి, కాలితో ఒక రాయి దొర్లించింది. తర్వాత ఇంకోటి. పట్ట కొస పట్టి లాగింది. బరువుకు తూలింది, మళ్లీ లాగింది.

"చిన్నమ్మా, చిన్నాయన..."

"లోపల తెల్లగుండే దానికి పట్ట కప్పి ఏం చేసుకుంటారే? ఎద్దులకు ఏసేదానికి తడిసినా ఒకటే. రా, ఈ పక్క పట్టు."

ఇద్దరూ పట్టను గట్టు దాటించారు. గుంపులోంచి నలుగురు వచ్చి అందుకున్నారు. రెండో పట్ట విప్పుతుండగా ఓబులేసు ఇంటి నుంచి పరుగున వచ్చాడు. భార్యను చూశాడు. నోరు తెరిచాడు. మొదటి చినుకులు అప్పుడే పడ్డాయి, పెద్దవి, మట్టిలో గుంతలు పడేలా. నాగలక్ష్మమ్మ ఆయన ముఖంలోకి చూసి, "ఆ రాయి ఇట్లియ్యి" అంది.

ఆయన వంగాడు. రాయి ఎత్తి ఇచ్చాడు. తర్వాత గాలికి లేస్తున్న పట్ట అంచు మీద తనే నిలబడ్డాడు, తాడు కట్టేదాకా, తడుస్తూ.

పెద్ద కుప్ప దక్కింది. చేను ఆ చివరనున్న చిన్న కుప్పలు దక్కలేదు. వాన వాటి మీద తెరలు తెరలుగా పడుతుంటే విశ్వాసమ్మ పట్ట అంచున కూర్చుని చూస్తూ ఉండిపోయింది. సుప్రజ పక్కన కూర్చుంది.

"తప్పు చెప్పినా విశ్వాసమ్మా."

"వానొస్తాదంటివి, వచ్చె" అంది ఆమె. పట్ట అంచు సర్దుతూ మళ్లీ అంది. "ఇంగోసారి గడియ అంత గట్టిగా చెప్పొద్దు. ముందరొచ్చినా రావచ్చు అని ఒక మాట కలుపు. మేము దానికి తగ్గట్టు లేస్తాం."

వాన బుధవారమంతా పడింది, గురువారం తెరిపిచ్చింది. చివరి కుప్పల్లో కాయ నల్లబడింది. ఓబులేసు పీకించిన సగం చేను ఎద్దుల మేతకు పోయింది. పీకని సగం కడిగినట్టు పచ్చగా లేచి నిలబడింది. నారాయణ సుప్రజను పిలిచి, గీత గీసిన మూడు మాటల గురించి అడిగాడు. అన్నానని ఒప్పుకుంది. ఆయన అద్దాలు తీసి తుడిచి, మళ్లీ పెట్టుకుని, పై నుంచి అడిగితే తనకు చెప్పమన్నాడు. ఎవరూ అడగలేదు. అడుగుతారేమోనని ఆమె మాత్రం ఫోన్ మోగినప్పుడల్లా ఉలిక్కిపడింది.

శనివారం పొద్దున నష్టం అంచనాకు ఎర్రదొడ్డి పోయేసరికి, ఊరి మొగదల కూలీల ఆటో నిలబడి ఉంది. ఆడవాళ్లు ఎక్కుతున్నారు. ఆటోకు అడ్డంగా మోటారుసైకిలు ఆపి, దాని మీద ఓబులేసు.

"ఈ నాలుగు దినాల ఎండకు నా చేను తయారైతాది" అన్నాడు విశ్వాసమ్మతో. "బుధవారం నుంచి నా పక్కకు రాండి."

విశ్వాసమ్మ ఆటో కడ్డీ పట్టుకుని ఒక కాలు లోపల పెట్టింది. గుత్త చేను మాట ఆయన ఎత్తలేదు, ఆమె కూడా ఎత్తలేదు. "నాగన్న చేను తడిసి మొలకొచ్చేట్టుండాది, ఈ పొద్దు అది. ఆ పైన యేసుప్రసాద్ చేను. అవి అయినంక నీదప్పా."

"మూడోదా?"

"మూడోదే."

నాగన్నదీ యేసుప్రసాద్‌దీ కలిపినా ఓబులేసు చేలో మూల కాదు. ఆ ఊళ్లో ఆయన ఏ పనికీ ఒకరి తర్వాత నిలబడిన మనిషి కాదు. సుప్రజ స్కూటీ హ్యాండిల్ గట్టిగా పట్టుకుంది. ఆయన చూపు ఆమె మీద పడింది, ఆటోలో సర్దుకుని కూర్చున్న ఆడవాళ్ల మీదికి పోయింది.

"కాలువ గట్టు దోవన పోవద్దండి" అన్నాడు చివరికి. "ఆడ బురద. ఆటో దిగబడుతాది. ఊరి మీద నుంచి పోండి."

మోటారుసైకిలు స్టాండు తీసి, రెండు కాళ్లతో నెట్టుకుంటూ వెనక్కి జరిగి, దోవ ఇచ్చాడు.